ఇంగ్లీషువాడని ఒక్క మాట

ఇంగ్లండుని ఫ్రెంచి మాట్లాడే నార్మన్ దొరలు గెలిచి రెండు తరాలైంది. మిల్లు కాలవ గట్టున గుడ్డ కప్పిన శవం. దాని పక్కన చనిపోయినవాడి అక్క ఎడ్గివ, ఊరిపెద్ద వుల్‌స్టన్.

"ఒక్క మాట చాలు ఎడ్గివక్కా. 'వీడు నా తమ్ముడు, ఇంగ్లీషువాడు' అను. అంతే."

"మా లెవిన్ గాడా? ఇంగ్లీషువాడని అన్నానంటే లేచొచ్చి నన్ను కొడతాడు."

"ఇంకెక్కడ లేస్తాడులే."

"పేరు గిల్బెర్ అని మార్చుకున్నాడు. అమ్మ పెట్టిన పేరుతో పిలిస్తే పలికేవాడా? ఇంట్లో పిల్లలు ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడితే చెంప పగలగొట్టేవాడు. 'ఇంగ్లీషు కూడు పెడుతుందా? ఇంగ్లీషు నేర్చుకుని బాగుపడ్డవాడు లోకంలో ఒక్కడున్నాడా?' అనేవాడు."

"అందులో తప్పేముందక్కా? మా మనవడికీ ఫ్రెంచి చెప్పిస్తున్నాం, కోట వంటింట్లో పనన్నా దొరుకుతుందని. మన ఇంగ్లీషు ఇంకో రెండు తరాలు బతికితే గొప్ప. ఆ తర్వాత పందుల్ని అదిలించడానికి తప్ప ఎందుకూ పనికిరాదు."

"నీ మనవడి పేరేంటన్నావు?"

"రాల్ఫ్."

"అదీ ఫ్రెంచి పేరేగా?"

"ఊళ్ళో పిల్లలందరివీ అవే పేర్లు! ఇప్పుడదంతా ఎందుకు? రాజుగారి అధికారి వచ్చేస్తున్నాడు. చట్టం నీకు తెలీనిదా? చంపినవాడు దొరక్కపోతే, చచ్చినవాడు ఫ్రెంచివాడి కింద లెక్క. ఊరంతా జరిమానా కట్టాలి. ఇంగ్లీషువాడేనని రక్తసంబంధం ఉన్నవాళ్ళు ప్రమాణం చేస్తే జరిమానా లేదు, గొడవా లేదు."

"ఇంగ్లీషువాడు చస్తే ఎవడికీ పట్టదన్నమాట."

"దొరల పాలనలో మనకి మిగిలిన సౌకర్యం అదొక్కటే! దాన్నీ పోగొట్టకు."

"జరిమానా పడితే నా గొర్రెని కూడా తోలుకుపోతారా?"

"ముందు దాన్నే తోలుకుపోతారు."

"సరే, అంటాను. అబద్ధం కాదుగా. వాడికి మాటలు నేర్పింది నేనే వుల్‌స్టనూ. అమ్మ పొలానికి పోతే నా చంకలోనే పెరిగాడు. ఏడ్చినా నవ్వినా మన మాటలోనే."

"ఆ ఏడుపేదో నిన్న మన మాటలో ఏడ్చి ఉంటే బతికిపోయేవాడు. ఆఖరిదాకా ఫ్రెంచిలోనే అరిచాడు వెధవ... పాపం."

"అరిచాడా?"

"అరిచే ఉంటాడు."

"ఫ్రెంచిలో అని నీకెవరు చెప్పారు? పొద్దున్నే కాలవలో తేలి కనబడ్డాడన్నావుగా?"

"అంటే... అనుకుంటున్నారు."

"ఎవరు?"

"జనం."

"జనమంటే ఎవరు? నా మొహం చూసి చెప్పు."

"గట్టిగా అనకక్కా, నీకు పుణ్యముంటుంది. నిన్న సాయంత్రం మంచు కమ్మేసింది. ఖరీదైన అంగీ వేసుకుని కాలవ గట్టున వస్తున్నాడు. దొర తాలూకు సుంకాలవాడనుకున్నారు మనవాళ్ళు. నాలుగు తగిలించి పంపిద్దామనుకున్నారు, అంతే. 'అక్కా' అని మన మాటలో ఒక్కసారి అరిచి ఉంటే కర్రలు అక్కడే పడేద్దురు."

"ఆ మనవాళ్ళలో నువ్వున్నావా?"

"గుర్రాలొస్తున్నాయి. కళ్ళు తుడుచుకో."

"ఉన్నావా, లేదా?"

"దీపం పట్టుకున్నానంతే. ఊరంతా నీ నోట్లో ఉందక్కా. తమ్ముడు, ఇంగ్లీషువాడు. మర్చిపోకు... దండాలు దొరా! రండి, రండి."

"ఎవరీ ముసలమ్మ?"

"పోయినవాడి అక్క దొరా. ప్రమాణం చేయడానికి వచ్చింది."

"త్వరగా కానీయమ్మా. ఇంగ్లీషువాడైతే ఇక్కడే పాతిపెట్టించి వెళ్ళిపోతాను. నాకు అవతల భోజనం చల్లారిపోతోంది. చెప్పు, ఇతనెవరు?"

"ఫ్రెంచివాడు దొరా."

"అక్కా!"

"నడినెత్తి నుంచి అరికాలిదాకా ఫ్రెంచివాడే. అనుమానముంటే ఈ ఊరిపెద్దనడగండి, చంపేటప్పుడు ఈయనకీ అలాగే అనిపించిందట."