కిటికీకి అవతల మొక్కలు

హలో… ఆ, నేనే. నేనే బావా, నీకిన్నిసార్లు ఫోన్ చేసేది ఇంకెవరు?

…ఎవరికీ ఏమీ కాలేదు, కంగారుపడకు. నీతో పనుండి చేశాను.

…లేదు, ఇంట్లో లేను. బడి దగ్గరున్నాను.

…తెలుసు, ఇవాళ సెలవని తెలుసు. టీచర్ని నేను, నాకు తెలియదా? అయినా వచ్చాను. నేనొక్కదాన్నే కాదు, ముగ్గురు తప్ప నా నాలుగో తరగతి మొత్తం ఇక్కడే ఉంది. వెనక వైపు, మూల గది కిటికీ దగ్గర. అదే, మొన్న నువ్వొచ్చి, పైకప్పు చూసి, తలూపి, తాళం వేయించి పోయావే… ఆ గదే.

…అరవకు. లోపలికెలా వెళ్తాను? తాళంచెవి నీ దగ్గర పెట్టుకుని నన్నడుగుతావేంటి! బయటే ఉన్నాం. అద్దంలోంచి చూస్తున్నాం. చూడ్డానిక్కూడా ఇంజినీరుగారి అనుమతి కావాలా?

…సరే. సరే, వెటకారం మానేశాను. విను.

లోపల మా కిట్లు ఉండిపోయాయి బావా.

…కిట్లు. నీళ్ల కిట్లు. అక్క చెప్పలేదా? మీ ఇంటికొచ్చినప్పుడల్లా వాటి గురించే వాగుతున్నానని విసుక్కునేదిగా.

…ఆ, అవే. సన్న గొట్టాలు, జాయింట్లు, బొట్టుబొట్టుగా నీళ్లు వదిలే మూతలు, అగ్గిపెట్టెంత మోటారు. మట్టిలో గుచ్చే పుల్ల ఒకటి ఉంటుంది. మట్టి ఎండితే పుల్ల చెబుతుంది, మోటారు దానంతటదే తిరుగుతుంది, టబ్బులో నీళ్లు తోడి మొక్క మొదట్లో వదులుతుంది. అదంతా పిల్లలే బిగించుకున్నారు. నేను వేలు కూడా పెట్టలేదు.

…నవ్వకు. నిజంగా పెట్టలేదు. మొదట్లో గదంతా చెరువు చేశారు. ఒకడు గొట్టం తిరగేసి పెట్టి హెడ్మాస్టారి చొక్కా తడిపేశాడు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఎక్కడ కారుతోందో వాళ్లే వెతుక్కున్నారు, ఏ మొక్కకి ఎన్ని బొట్లు చాలో వాళ్లే తేల్చుకున్నారు. చెంబుడు నీళ్లు గుమ్మరించి చేతులు దులుపుకునే పిల్లలు… ఇప్పుడు వేరు ఎంత లోతుకి దిగిందని వాదించుకుంటున్నారు బావా. కొట్టుకునేదాకా వచ్చింది ఒకరోజు.

…వస్తున్నా, అసలు సంగతికే వస్తున్నా. టబ్బు ఖాళీ అయిపోయింది.

…నువ్వు తాళం వేసిన రోజు సాయంత్రం నింపాలి. నింపనిచ్చారా మీవాళ్లు? ఉన్నపళంగా బయటికి పొమ్మన్నారు. సగంమంది సంచులే తెచ్చుకోలేదు.

…తప్పని నేనన్నానా? అనలేదు. అన్నట్టు వినిపించిందా? సరే, పోనీ.

ఇదిగో, ఇది విను. ఫోన్ అద్దానికి ఆనిస్తున్నాను.

…

వినిపించిందా? గర్ర్‌మని? అదే మోటారు. మట్టి ఎండిందని పుల్ల చెబుతోంది, మోటారు తిరుగుతోంది. నీళ్లు లేవు, గాలి తోడుతోంది. కాసేపు ఊరుకుంటుంది, మళ్లీ మొదలుపెడుతుంది. పొద్దున్నుంచీ ఇదే వరస.

…పిల్లలకీ వినిపిస్తోంది మరి. వాళ్లని చెవులు మూసుకోమననా?

వీళ్లతో ఏం చెప్పానో తెలుసా బావా? మనం ఊళ్లో లేకపోయినా, జ్వరమొచ్చి పడుకున్నా, మొక్కకి నీళ్లందుతాయి, అందుకే ఇదంతా బిగిస్తున్నాం అని. నేనే చెప్పాను. పెద్ద గొప్పగా, బోర్డు మీద బొమ్మేసి మరీ.

…అయిదు నిమిషాలు బావా. ఆ తాళం తెరువు. పిల్లలెవరూ రారు. నేనొక్కదాన్నే వెళ్లి, రెండు బక్కెట్లు టబ్బులో పోసి వచ్చేస్తాను.

…పోనీ నేనూ వద్దు. నువ్వే వెళ్లు. నెత్తిన ఆ టోపీ పెట్టుకుని వెళ్లు.

…నువ్వే వెళ్లవా? నువ్వు కూడానా?

…మొక్కలే. అవును, మొక్కలే. కాదని ఎవరన్నారు? కొత్తవి వేసుకోవచ్చు, విత్తనాలకేం కరువా… ఆ మాట నాకు తోచలేదనుకున్నావా? పొద్దున వీళ్లతో అదే అన్నాను. తలొంచుకుని నిలబడ్డారు. ఎదురు చెప్పినా బాగుండేది. నన్ను రెండు మాటలన్నా బాగుండేది.

…నేను రమ్మనలేదు బావా. ఒట్టు. ఒకరికొకరు చెప్పుకుని వచ్చేశారు. కూరగాయలకని ఇటు పోతూ స్కూటర్ మీంచి చూశాను. బడికి తెచ్చుకునే నీళ్ల సీసాలుంటాయి చూడు, అవి నింపుకుని… కిటికీ పొడవునా వరసగా నిలబడ్డారు. ప్రతివాడి చేతిలో ఓ సీసా. లోపలికి పోయే దారి లేదు. నన్ను చూడగానే అందరి మొహాలూ… టీచర్ వచ్చింది, ఇంకేముంది, తలుపు తెరుచుకున్నట్టే అన్నట్టు…

…ఏడవడం లేదు. జలుబు.

…అక్కా? ఫోన్ నువ్వెందుకు తీసుకున్నావే? …నేనేం ఆయన్ని సతాయించడం లేదు. …తింటాను, తర్వాత తింటాను. అక్కా, నీకు పుణ్యముంటుంది, ఒక్క మాట చెప్పవే ఆయనకి. నీ మాట కాదనడు.

…ఎప్పుడూ విన్లేదా? మరి ఇన్నేళ్లు ఎలా కాపురం చేశావే తల్లీ! …సరే, ఇవ్వు. ఆయనకివ్వు.

ఆ, చెప్పు బావా.

…చూస్తాను. ఎక్కడ? దూలమంటే… కిటికీ మీదుగా పోయేదేనా? ఆ, కనిపిస్తోంది. పగులు అలాగే ఉంది. …ఎంత వెడల్పంటే… మొన్న వేలెడు అన్నావు కదూ? ఏమో, ఇప్పుడు వేలికి ఎక్కువే ఉన్నట్టుంది. అద్దమంతా దుమ్ము, సరిగ్గా ఆనడం లేదు.

…కిందా? ఉన్నాయి. పెచ్చులు. వెనక బల్ల దగ్గర నేల మీద. మిరప మొక్కల మీద తెల్లగా పొడి రాలింది. ఆకులు కనిపించడం లేదు. …మొన్న లేదనుకుంటా. లేదు, మొన్న లేదు.

బావా?

…బావా, మీ మనుషుల్ని ఎందుకు పిలవమంటున్నావు?

…ఛ. నాకు బుద్ధి లేదు. అంతా బాగానే ఉంది, ఎక్కడిదక్కడే ఉంది అనాల్సింది. తాళం తీయించుకుందామని ఫోన్ చేసి, నా నోటితో నేనే…

…పిల్లల్ని ఎంత దూరం తీసుకెళ్లాలి? వెనక గేటు దాకానా? …ఊఁ. ఊఁ. అర్థమైంది. తీసుకెళ్తాను.

— ఏయ్! ఏం చేస్తున్నార్రా అక్కడ? ఆ కర్రెందుకు?

…నిన్ను కాదు బావా, పిల్లల్ని. ఆగు ఒక్క క్షణం. నీతో మాట్లాడుతూ ఇటు తిరిగాను, ఈలోపల వీళ్లు…

అమ్మో. బావా, వీళ్లేం చేశారో తెలుసా?

నా స్కూటర్ డిక్కీలో విరిగిపోయిన కిట్టొకటి పడుంటుంది. అది లాగేశారు. గొట్టం ముక్కలన్నీ ఒకదానికొకటి తగిలించేశారు. కిటికీ కింది మూల అద్దం ఎప్పుడో బంతి తగిలి పగిలింది, గుప్పెడంత కంత. అందులోంచి, కర్రకి కట్టి, గొట్టాన్ని లోపలికి తోస్తున్నారు. సీసాల్లో నీళ్లు ఒక్కొక్కరే బడి బక్కెట్లో పోస్తున్నారు. బక్కెట్ ఎక్కడ పెట్టారనుకున్నావు? నా స్కూటర్ సీటు మీద! గోడ దాకా తోసుకొచ్చి మరీ పెట్టారు. నీళ్లు కంతకంటే ఎత్తులో ఉండాలిగా… ఎవరు చెప్పారు బావా వీళ్లకి?

…నేనా? ఏమో, ఎప్పుడో చెప్పే ఉంటాను. ఇంతలా వింటారనుకోలేదు.

…తీసుకెళ్తున్నా. వెళ్తున్నా అన్నానా! ఒక్క నిమిషం. లోపలికి తోసే ముందే నోటితో పీల్చారు, నీళ్లు అందుకున్నాయి, గొట్టాన్ని మధ్యలో మడిచి పట్టుకుని… ఆ పట్టుకున్నవాణ్ణి గొట్టం మేస్త్రీ అంటాం మేం. తడిసి ముద్దయిపోయాడు… ఆ, వదిలాడు. వదిలాడు బావా. పడుతున్నాయి! కుండీలో పడుతున్నాయి! చప్పుడొస్తోంది, విను…

…కాదు, అన్నిటికీ అందవు. కిటికీ పక్కనున్న మూడింటికే. ఆ మూడూ ఎవరివో తెలుసా? ఇవాళ రాలేదన్నానే, ఆ ముగ్గురివి. వీళ్లవన్నీ దూరంగా, వెనక బల్లల మీదున్నాయి. అయినా పోస్తున్నారు. చిట్టెలుకని ఒకతి ఉంది మా క్లాసులో, అందరికంటే పొట్టి. దాని టమాటా మొక్క చిట్టచివర. ఇంకొక్క ముక్క తగిలిస్తే నాదాకా వస్తుందా టీచర్ అని అడుగుతోంది…

…ఏ గోడ?

…ఈ గోడ మీదేనా దూలం ఆనింది?

…

— ఆపండి. అందరూ గోడ దగ్గర్నించి ఇటు రండి. రండి! కర్ర వదిలెయ్. …వదిలెయ్ అంటున్నానా! …పడనీ, నీళ్లు పడనీ, గొట్టం అలాగే ఉండనీ. ఇప్పుడు కాదు తగిలించేది. …ఒక్క నిమిషం లేదు, అర నిమిషం లేదు, నడవండి!

…వస్తున్నారు బావా, వస్తున్నారు. నా మాట విననివాళ్లు కాదు, ఇవాళే… ఎప్పుడూ వాళ్ల మీద ఇలా అరవలేదు నేను. బిత్తరపోయి చూస్తున్నారు.

— ఒరేయ్ మేస్త్రీ, నిన్నే! చెయ్యి తియ్యి, పరిగెత్తు! పరిగె…

…

…

హలో. …హలో, ఉన్నాను. ఉన్నాను బావా. …కూలింది. గోడ కాదు, లోపల. పైనుంచి ఏదో పెద్ద పెళ్ల. అద్దాలు పగిలాయి. దుమ్ము… ఆగు, లెక్కపెట్టుకోనీ. కదలకండర్రా, ఎక్కడివాళ్లక్కడ నిలబడండి.

…మేస్త్రీ ఉన్నాడు. వాడు ఉన్నాడు, దగ్గుతున్నాడు. …ఒకరు తక్కువొస్తున్నారు. బావా, ఒకరు తక్కువ… చిట్టెలుక! చిట్టెలుకేదీ? ఎవరైనా చూశారా? ఇందాక కిటికీ దగ్గరే…

…ఉంది. ఉంది, నా వెనకే ఉంది. నా సంచి పట్టుకుని నిలబడింది. నేను తిరిగినప్పుడల్లా అదీ తిరుగుతోంది, నాకు కనిపించలేదు. …దాని చెయ్యి పట్టుకున్నాను బావా. కూర్చుంటాను ఉండు.

…ఎవరికీ దెబ్బ తగల్లేదు. గీత కూడా పడలేదు. …లేదు, నువ్వు తిట్టు. తిట్టాల్సిందే. నువ్వు చెప్పగానే కదలాల్సింది. ఆ నీళ్లు పడుతుంటే… అవి చూస్తూ నిలబడిపోయాను.

…అందర్నీ గేటు బయటికి తెచ్చేశాను. లోపలికి ఎవర్నీ పోనివ్వను. …స్కూటర్ అక్కడే ఉంది, గోడ కిందే. పోతే పోయింది. …దుమ్ము కొంచెం తగ్గింది. బక్కెట్ కనిపిస్తోంది ఇక్కణ్ణించి. పడలేదు. గొట్టం కూడా ఊడలేదు. ఇంకా వెళ్తున్నట్టే ఉన్నాయి నీళ్లు. ఎక్కడికి వెళ్తున్నాయో, లోపల ఏం మిగిలిందో… ఏమీ కనిపించడం లేదు.

…రేపేనా? మొత్తమా?

…కూల్చే ముందు మీ మనుషులెవరైనా… ఒక్కటంటే ఒక్క కుండీ… అడగలేదు. అడగలేదులే. నువ్వు చెప్పింది నిజమే. ఒక మొక్క కోసం కూలీని ఆ కప్పు కిందికి ఎలా పంపిస్తావు? వాడికీ పిల్లలుంటారు. పంపిస్తానన్నా నేనే వద్దంటాను ఇప్పుడు. …మాటివ్వకు బావా. నా కోసం అబద్ధం చెప్పకు.

…రా. మనుషుల్ని తీసుకుని రా. ఎంత త్వరగా అయితే అంత త్వరగా. నువ్వొచ్చేదాకా ఇక్కణ్ణించి కదలను.

…ఏంటీ? …ఇళ్లకి వెళ్లమన్నాను. వెళ్లడం లేదు. గేటు ఊచలు పట్టుకుని బక్కెట్ వంక చూస్తున్నారు. ఇద్దరి సీసాల్లో ఇంకా నీళ్లున్నాయట, పోసే లోపే నేను లాక్కొచ్చేశానట. ఒక్క పరుగున వెళ్లి పోసి వస్తాం టీచర్ అంటున్నారు. నేను గేటుకి అడ్డంగా కూర్చున్నాను.

…నువ్వు తిట్టినందుకు కాదు, వాళ్లు నన్ను చూసే చూపుకే బాధ బావా. ఇందాక నేనొచ్చినప్పుడు చూసిన చూపు కాదిది.

…ఆగు, చిట్టెలుక ఏదో అడుగుతోంది. — ఏంటమ్మా?

…

బక్కెట్ అయిపోతే ఎవరు నింపుతారు టీచర్ అంటోంది.

…ఏం చెప్పను బావా?

…నువ్వు చెప్తావా? నువ్వయితే ఇంజినీరువి, నీ మాటైతే నమ్ముతారేమో. స్పీకర్ పెట్టనా? …పెట్టనా?

…

…బండి తీస్తున్నావా?

…వద్దులే. నువ్వు ముందు బయల్దేరు. నా క్లాసు పిల్లలు, నేనే చెప్తాను. …ఎలాగో చెప్తాను. ఉంటాను బావా.

— ఇలా రండర్రా. అందరూ ఇలా దగ్గరికొచ్చి కూర్చోండి. …లేదు, ఇంకెవరితోనూ మాట్లాడటం లేదు. ఇదిగో, ఫోన్ కింద పెట్టేస్తున్నాను.