జాలిపడి ఓడిపోని మనిషి

"నిచ్చెనా! ఒరేయ్ నిచ్చెనా! బంతి ఇటు వెయ్‌రా!"

విన్నావుటే? కింద ఆ పిల్లలు ఎవణ్ణో నిచ్చెనా అని పిలుస్తున్నారు. కిటికీ దగ్గరికి రా, చూద్దువుగాని. సర్లే, రాకు. కుర్చీలోనే కూర్చో. కాలికి కట్టు విప్పి ఇన్నాళ్ళయినా పాదం కింద పెట్టవు, నొప్పి అంటావు. డాక్టరేమో ఎముక చక్కగా అతుక్కుంది, ఇంకా కూర్చోబెడితే కాలు బిగుసుకుపోతుంది, నడిపించండి అంటాడు. మీ అమ్మ చూస్తే "అమ్మా, నీ మాటైతే వింటుంది" అని నిన్ను నా నెత్తిన పెట్టి ఆఫీసుకి పోయింది. నేను మాత్రం నిన్ను లేవమని అనను తల్లీ. నొప్పి అన్నావు, నొప్పే. ఏదో ఆ పేరు చెవినపడేసరికి ప్రాణం లేచొచ్చింది, అంతే. మాకూ ఒక నిచ్చెన ఉండేవాడే.

ఎవరా? బాస్కెట్‌బాల్ ఆడేవాడు. సరదాకి కాదు, ఆటే ఉద్యోగం. మా ఊరి క్లబ్బుకి ఆడేవాడు. ఎంత పొడుగంటే, ప్రతి గుమ్మం దగ్గరా వంగీ వంగీ అదే అలవాటైపోయి, ఆరుబయట ఆకాశం కింద కూడా తల వంచుకునే నడిచేవాడు. ఆకాశం తగులుతుందేమోనని అనుకునేదాన్ని నేను. నవ్వకు, నీకంటే చిన్నదాన్ని అప్పుడు. మా నాన్నకి ఆ స్టేడియంలోనే పని. ఆడేవాళ్ళు కిందపడ్డప్పుడల్లా నేలంతా చెమట అవుతుంది కదా, ఈల మోగగానే గుడ్డ పట్టుకుని పరిగెత్తి తుడిచి రావాలి. "నేను తుడవకపోతే ఆటే లేదు" అని మీసం దువ్వేవాడు. మా అమ్మ ఊరుకుంటుందా? "ఇంట్లో చీపురు ముట్టుకోమంటే మాత్రం అయ్యగారికి నడుం పట్టేస్తుంది" అనేది. ఏం చెబుతున్నాను? ఆఁ, నిచ్చెన ఆట. నేను మెట్ల సందులోంచి ఆట చూసేదాన్ని. అక్కణ్ణుంచి మొహాలు సరిగ్గా కనబడవు. నాకు అతని మొహం కంటే చెయ్యే ఎక్కువ తెలుసు. బంతి వెళ్ళిపోయాక కూడా ఆ చెయ్యి గాల్లోనే ఉండేది. తర్వాత వేళ్ళు మెల్లగా ముందుకి వాలేవి, పూలబరువుకి కొమ్మ వాలినట్టు. బంతి పడనీ పడకపోనీ, ఆ వేళ్ళు మాత్రం వాలాల్సిందే.

అలాంటివాడు ఒకనాడు ఆట మధ్యలో ఎగిరి, కిందికొచ్చేటప్పుడు మోకాలు మడతపడి కూలిపోయాడు. మా నాన్న ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, "ఇవాళ చెమట కాదే నేను తుడిచింది, ఆ అబ్బాయి కన్నీళ్ళు" అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకి నేను ఆ స్టేడియం మెట్ల మీదే దొర్లి కాలు విరగ్గొట్టుకున్నాను. ఆటలో అతను, అల్లరిలో నేను! పిల్లల వార్డులో పడేశారు. పొడుగాటి గది, ఇనప మంచాలు, మందునీళ్ళ వాసన. తుంటి దాకా సిమెంటు కట్టు. లోపల దురద పుడితే గోక్కోడానికి లేదు, దేవుడా, పగవాళ్ళకి కూడా వద్దు ఆ దురద.

అక్కడికి వచ్చాడు నిచ్చెన. తనంతట తను కాదు, క్లబ్బువాళ్ళు పంపారు. ఎలాగూ ఖాళీగా ఉన్నాడు కదా, జబ్బు పిల్లలతో ఆడినట్టు పేపర్లో ఫోటో వేయిద్దామని. చంకలో కర్ర, వెనకాల కెమెరావాడు, ఇంకో ఇద్దరు ఆటగాళ్ళు. వార్డు తలుపుకి ఒక రింగు కట్టారు. మేం మంచాల మీంచి వెయ్యాలి, వాళ్ళూ వెయ్యాలి. ఇంకేముంది, అందరి దగ్గరా ఓడిపోతున్నాడు మహానుభావుడు! "అయ్యయ్యో, మళ్ళీ పోయిందే! మీరు గొప్ప ఆటగాళ్ళురా!" అంటున్నాడు. పిల్లలు చప్పట్లు, కెమెరావాడు టిక్కు టిక్కు. నా వంతొచ్చింది. వేశాడు, తప్పింది. కానీ వేళ్ళు వాలలేదే! బంతి వదలగానే చెయ్యి చటుక్కున జేబులోకి పోయింది. తప్పాలనుకుని వేసినవాడు ఇంక ఆ బంతి వంక ఎందుకు చూస్తాడు? నాకు ఒళ్ళు మండింది. నా వంతుకని చేతికిచ్చిన బంతిని అతని మీదికే విసిరి, "నువ్వు దొంగవి, కావాలని వదిలేశావు" అన్నాను. నర్సమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. "తప్పమ్మా, అంత గొప్పాయన్ని..." అంటోంది. అతను మాత్రం చెంపదెబ్బ తిన్నట్టు నిలబడిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు ఒక్కడే వచ్చాడు. కెమెరా లేదు. నా మంచం పక్కన కుర్చీ లాక్కుని, "నువ్వు కూర్చుని వేస్తావు, నేనూ కూర్చునే వేస్తాను, ఇక లెక్క సరి" అన్నాడు. అని, నన్ను చిత్తుచిత్తుగా ఓడించాడే! ఒక్కటి వదల్లేదు. బావురుమన్నాను. "రేపు మళ్ళీ వస్తా, బాగా తిని పడుకో" అని వెళ్ళిపోయాడు. నేను తిన్నాను, తెలుసా? అన్నాళ్ళూ ముద్ద దిగనిదాన్ని, కసిగా తిన్నాను. ఇక చూడు, వార్డులో పిల్లలందరూ "నన్ను ఓడించు నిచ్చెన మామయ్యా! ముందు నన్ను!" అని గోల. నర్సమ్మ బుగ్గ నొక్కుకుంది. "ఇదేం చోద్యమమ్మా, ఓడిపోడానికి ఇంత తొక్కిసలాట!"

తర్వాత అతను పిల్లల కోసం పెట్టిన సంస్థ అంతా అక్కడ మొదలైందే. ఎన్ని ఆస్పత్రుల్లో రింగులు పెట్టించాడో! మంచం మీద కూర్చున్న పిల్లకి అందే ఎత్తులో. ఆడటానికి వచ్చే పెద్దవాళ్ళకి ఒకటే షరతు, జాలిపడి ఓడిపోకూడదు. ఓ పెద్దమనిషి అలాగే ఓడిపోతే, బంతి లాక్కుని "తమరు కాసేపు బయట కూర్చోండి సార్" అన్నాట్ట. మనిషి పోయి చాలా ఏళ్ళయిందిలే. కానీ ఆ రింగుల కింద ఈపాటికి ఎవరో ఒక పిల్ల ఓడిపోయి ఏడుస్తూనే ఉంటుంది, చల్లగా ఉండాలి.

ఆటా? మళ్ళీ ఆడాడే! నాకు తెలుసు నువ్వు అదే అడుగుతావని. ఆ మోకాలితోనే తిరిగొచ్చి చాలా ఏళ్ళు ఆడాడు, కప్పు కూడా తెచ్చాడు. ఎలా అని అందరూ అడిగారు. కోచ్ "నా శిక్షణ" అన్నాడు, డాక్టరు "నా ఆపరేషన్" అన్నాడు. పేపర్లవాళ్ళు ఏదో ఉక్కు మనిషి అని రాశారు. అతను నవ్వి ఊరుకునేవాడు. అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. మీ తాతయ్యకి కూడా చెప్పలేదు.

వార్డులో అప్పటికి నా కట్టు విప్పేశారు. గోడవారగా పట్టుకు నడిచే కమ్మీలు ఉండేవి. నర్సమ్మ రోజూ పొద్దున్నే, "ఏం భయం లేదు బంగారం, ఒక్క అడుగు" అనేది. నేను నొప్పి అనేదాన్ని. నొప్పి అంటే ఎవరేం చేస్తారు? అలా ఉండగా ఓ మధ్యాహ్నం కోచ్ వార్డుకే వచ్చాడు. "డాక్టరు బాగుందంటున్నాడు కదయ్యా, ప్రాక్టీసుకి ఎప్పుడొస్తావు? ఇంకా ఆలస్యమైతే నీ చోట్లో వేరేవాణ్ణి తీసుకుంటారు, నా చేతుల్లో లేదు" అన్నాడు. నిచ్చెన కర్ర పట్టుకుని, "ఇంకా నొప్పి సార్" అన్నాడు. కోచ్ నిట్టూర్చి వెళ్ళిపోయాడు. మేం మళ్ళీ ఆటలో పడ్డాం. నేను వేసిన బంతి దొర్లి మంచం కిందికి పోయింది. మనిషి ఆటలో మునిగిపోయాడేమో, కర్ర వదిలేసి చటుక్కున గొంతుక్కూర్చున్నాడు. మంచం కిందకి దూరి బంతి తీసుకుని, చేత్తో దేన్నీ పట్టుకోకుండా లేచాడు. ముఖంలో ఒక్క ముడత లేదు.

"నీకు నొప్పి లేదు" అన్నాను.

అతను కర్ర వంక చూశాడు. తలుపు వంక చూశాడు. నా మంచం అంచున కూర్చున్నాడు, అంత మనిషీ కుంచించుకుపోయి. "లేదే. ఎప్పుడో పోయింది. నాకు భయం. ఎగిరితే మళ్ళీ పడతానని. రాత్రిళ్ళు కలలో కూడా పడుతున్నాను. ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. అన్నాళ్ళూ అందరూ భయం లేదు, భయం లేదు అన్నవాళ్ళే. భయం ఉందన్న మనిషిని అప్పుడే చూడటం. "నాదీ నొప్పి కాదు" అన్నాను. అంతసేపూ బిగబట్టిన ఊపిరేదో వదిలినట్టయిందే తల్లీ! ఇద్దరం ఒకర్నొకరు చూసుకుని, దొంగలు దొరికిపోయినట్టు నవ్వాం. చెయ్యి చాచాడు. పట్టుకుని పాదం కింద పెట్టాను. నేల ఎంత చల్లగా ఉందో! ఆ చల్లదనం ఇప్పటికీ... నాలుగడుగులు వేశానో లేదో, అతను ఉన్నచోటే ఒక్క ఎగురు ఎగిరాడు. వేళ్ళు పైకప్పుకి తగిలి సున్నం రాలింది. "ఇది ఆస్పత్రా, సర్కసా!" అని నర్సమ్మ కేకలు.

ఏంటే, అలా చూస్తున్నావు? కాలు నొక్కనా? నొప్పిగా ఉందా?

నొప్పి కాదా?

భయమా... ఊఁ. చెప్పు తల్లీ. నేనింకేం మాట్లాడను, నువ్వు చెప్పు.