మెరుపు బాబాయ్ పట్టుకున్న పిడుగు

టీ బంకు ముందు బెంచీ మీద మెరుపు బాబాయ్ చొక్కా చేతులు మడిచి, మణికట్టు పట్టీ అందరికీ కనిపించేలా కూర్చున్నాడు. ఆయన పనిచేసే సర్క్యూట్ బోర్డుల కంపెనీలో అందరికీ అలాంటి పట్టీ ఉంటుంది. ఒంట్లో పుట్టే కరెంటు తగిలితే చిప్పు చడీచప్పుడు లేకుండా చచ్చిపోతుంది గనక, అది భూమిలోకి పోయేలా పట్టీ వైరు చివరి క్లిప్పుని బల్లకున్న ఎర్తుకి తగిలించి పని చెయ్యాలి. టీకి అందరూ పట్టీ విప్పి వస్తారు. బాబాయ్ మాత్రం పతకంలా పెట్టుకునే తిరుగుతాడు.

పక్కన కొత్త కోడలు టీ తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చుంది. ఇద్దరు పిల్లల తల్లే అయినా లైనులో చేరి పదిరోజులే కావడంతో ఆ పేరు పెట్టారు. బాబాయ్ చిప్పులు అమర్చి ఇస్తే ఆమె టంకం వేస్తుంది. చలి ముదిరి గాలి పొడిబారిన ఈ వారంలో ఆమె టంకం వేసిన ఏడు బోర్డులు పోయాయి. ఇంకొక్కటి పోతే సోమవారం నుంచి రానక్కర్లేదని సూపర్‌వైజరు ఆమెకి పొద్దున్నే చెప్పేశాడు.

"దిగులు పడకమ్మాయ్, ఒంట్లో కరెంటు సంగతి నన్నడుగు," అని బాబాయ్ అందుకున్నాడు. "చేరిన కొత్తలో తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కుమని చిన్న నిప్పురవ్వ, అంతే. తర్వాత్తర్వాత నేను స్వెట్టర్ విప్పితే ఆ వెలుగులో మా ఆవిడ సూదిలో దారం ఎక్కించేది."

"ఆవిడకి షాక్ కొట్టలేదా?" అంది టెస్టింగ్ అక్క. బోర్డు బతికిందో చచ్చిందో తేల్చేది ఆవిడే.

"ఆవిణ్ణి చూస్తే కరెంటుకే షాక్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓసారి కరెంటు పోతే అరిచేతులు రుద్దుకుని మీటరు పట్టుకున్నాను, మూడు వీధుల్లో ఫ్యాన్లు తిరిగాయి. అదీ ఓ లెక్కా? వానాకాలం, లైను మీద నాలుగువేల బోర్డులు, పైకప్పు చీల్చుకుని పిడుగు! అందరూ బల్లల కింద దూరారు. నేను ఎడంచేత్తో దాని తోక పట్టుకున్నాను, కుడిచెయ్యి పని ఆపలేదు. అది గిలగిల్లాడింది. 'నాయనా, ఇటు దయచెయ్యి' అని ఈ పట్టీలోంచి వైరులోకి, వైరులోంచి భూమిలోకి సాగనంపాను. ఒక్క చిప్పు చావలేదు. ఇప్పటికీ అక్కడ తవ్విచూడు, మట్టి వేడిగా ఉంటుంది."

అంతా పగలబడి నవ్వారు. కొత్త కోడలు మాత్రం ఆ వైరునే చూస్తోంది. అది చొక్కా మీదుగా పాకి, చివరి క్లిప్పు జేబు అంచుని కరుచుకుని ఉంది. కరిచి కరిచి అక్కడ గుడ్డ చిరిగింది కూడా.

"పిడుగు భూమిలోకి ఎలా పోతుంది బాబాయ్? మీ వైరు జేబు దగ్గరే ఆగిపోయిందిగా."

"టీకి వచ్చాను కదమ్మా."

"బల్ల దగ్గర ఉన్నప్పుడూ జేబుకే ఉంటుంది. పదిరోజులుగా ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. ఎర్తు కొత్తవాళ్ళకి, సీనియర్లకి జేబు అనుకున్నాను."

టెస్టింగ్ అక్క గ్లాసు కింద పెట్టి బాబాయ్ వంక చూసింది. మాటిమాటికీ తీసి తగిలించడానికి బద్ధకమేసిందని నసిగాడు బాబాయ్. నోరు జారానేమోనని కొత్త కోడలికి భయమేసింది, బోర్డులు పోయింది తన వల్ల కాదని గుండెల మీంచి బరువూ దిగింది. ఆయన టీ సగంలో వదిలేసి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె బల్ల దగ్గరికి వచ్చేసరికి బాబాయ్ ఎదురుచూస్తున్నాడు.

"ఆ ఏడు బోర్డులూ పోయింది నా వల్లేనని సూపర్‌వైజరుతో చెప్పేశాను. నీ సోమవారం నీదే అమ్మాయ్," అన్నాడు తల దించుకుని. ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలోనే ఆయన తల లేచింది. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా నిజాయితీ చూసి సూపర్‌వైజరు కుర్చీలోంచి లేచి..."

ఆమె చెయ్యి చాపి, ఆయన జేబుకున్న క్లిప్పు తీసి, బల్లకున్న ఎర్తుకి తగిలించింది.

"ఇప్పుడు చెప్పండి బాబాయ్," అంది.