మాటకన్నా ముందొచ్చే అక్షరాలు

ఏ ప్లేయర్ మంచిదో చెప్పమని అంత తేలిగ్గా అడిగేస్తే ఎలాగయ్యా సుధీంద్రా? నువ్వేమో ఇంజినీరింగ్ చదివినవాడివి. నేనేమో మంత్రిత్వ శాఖలో ఫైళ్ల మీద నోటింగు రాసి రాసి సెక్షన్ ఆఫీసరుగా రిటైరైనవాణ్ణి. కొత్త కంప్యూటర్ కొన్నావు, సినిమాలు చూడ్డానికి అందులో ఏది వేసుకోవాలో తేల్చుకోలేక మెట్లు దిగి నా దగ్గరికొచ్చావు. పైగా "సుందరరామయ్య అంకుల్‌కి అన్నీ తెలుసట" అని ఎవరో అన్నారంటావు. సరే, కూర్చో. ఆ కుర్చీలో వద్దు, దానికి ఓ కాలు పొట్టి. ఇటు రా.

పేరు చెప్పి పంపించెయ్యచ్చు. ఎంతసేపు? కానీ ఊరికే పేరు చెబితే ఏం తెలుస్తుంది నీకు? ఇంటిపేరు చెప్పి సంబంధం ఖాయం చేసుకోమన్నట్టుంటుంది.

మీ ఆంటీ కిందికెళ్లింది, కూరగాయల బండి దగ్గరికి. ఈ ఘాజియాబాద్‌లో బండివాడితో బేరం మొదలెడితే ఆవిడ అంత తొందరగా పైకి రాదు. వచ్చేలోగా చెప్పేస్తాను. ఆవిడ ఉండగా చెప్పే కథ కాదులే.

ఆవిడకి చెవులు తగ్గిన సంగతి తెలుసుగా? అదేం ఒక్కసారిగా రాలేదు. ముందు కుక్కర్ విజిల్స్ లెక్క తప్పింది. తర్వాత మా వీణ గుర్‌గావ్ నుంచి ఫోన్ చేస్తే రెండు "హాఁ"లు చెప్పి పెట్టెయ్యడం మొదలైంది. కూతురితో గంటలు గంటలు మాట్లాడే మనిషి. నేనేమో పరధ్యానం అనుకున్నాను. మగాడికి ఏదో ఒకటి అనుకుని ఊరుకోవడం సుఖం కదా.

మా ఇద్దరికీ పాత తెలుగు సినిమాలంటే పిచ్చి. మా బావమరిది మల్లికార్జున తెనాలి నుంచి పెన్‌డ్రైవ్ నిండా నింపి పట్టుకొచ్చాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇదిగో, ఈ కంప్యూటర్ ముందే రెండు కుర్చీలేసుకుని కూర్చునేవాళ్లం. నేను నవ్వితే ఆవిడా నవ్వేది. హాయిగా ఉండేది.

ఒకరోజు కాఫీ సలసలా కాగుతోంది. చూసుకోకుండా గుటకేశాను. నాలిక కాలి మొహం అష్టవంకర్లు పోయింది. పక్కన ఆవిడ పకపకా నవ్వింది.

తెరమీద చూద్దును కదా, ఎవరో ముసలాయన ప్రాణం వదులుతున్నాడు.

అప్పటికి తెలిసిందయ్యా నాకు. ఆవిడ సినిమా చూడటం లేదు. నా మొహం చూస్తోంది. నేనెక్కడ నవ్వితే అక్కడ నవ్వుతోంది. ఎన్నాళ్ల నుంచి అలా చూస్తోందో నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆ కాఫీ మాత్రం తాగలేకపోయాను.

అచ్ఛా, నువ్వలా మొహం వేలాడెయ్యకు. ఏడుపు కథ కాదిది. బిస్కెట్ తీసుకో.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లచ్చుగా అంటావు. అన్నాను. "నాకేం, రాయిలా ఉన్నాను. మీరే నోట్లో గొణుక్కుంటారు" అంది. ఆవిడ ఒకటి అన్నాక దానికి అప్పీలు లేదు మా ఇంట్లో.

ఆ రోజుల్లోనే వీణ ఇంటికెళితే, అది ఏదో కొరియా సీరియల్ చూస్తోంది. కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెడుతున్నాయి. నాకు బుర్రలో దీపం వెలిగింది. మీ ఆంటీకి వారపత్రిక ఇస్తే అట్ట నుంచి అట్టదాకా నమిలేస్తుంది. తెలుగు సినిమాకి కింద తెలుగు అక్షరాలు వేస్తే? కానీ ఎవడు వేస్తాడు? తెలుగువాడికి తెలుగు సినిమా అర్థం కాదని ఎవడనుకుంటాడు? అందుకని నేనే రాస్తానని కూర్చున్నాను.

వీణ చెప్పింది, "పాపా, బహుత్ ఈజీ హై, టైమ్ లిఖో, నీచే డైలాగ్ లిఖో, బస్" అని. దానికి తెలుగు మొత్తం అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం హిందీయే ఊడిపడుతుంది. టైమ్ రాసి, కింద డైలాగ్ రాస్తే చాలట, ఈజీయేనట. ఒక్క పాట పూర్తయ్యేసరికి నా నడుం పట్టేసింది.

పైగా చేతికి ఆఫీసు అలవాటు. హీరో "నిన్ను చంపేస్తానురా" అని అరుస్తుంటే నేను "కథానాయకుడు తీవ్ర అసంతృప్తి వ్యక్తం చేశాడు" అని రాశాను. మీ ఆంటీ తర్వాత చదివి, "ఇది సినిమానా, మీ అండర్ సెక్రటరీకి పంపే నోటా?" అంది. మళ్లీ మొదట్నుంచి రాశాను.

రాయడం ఒక ఎత్తు. అవి తెరమీదికి రావడం ఇంకో ఎత్తు. నువ్వడిగిన ప్లేయర్ గొడవ ఇక్కడే మొదలైంది.

కంప్యూటర్‌తో పాటు వచ్చిన ప్లేయర్ ఉంది చూడు, అది నేను రాసినదాన్ని కన్నెత్తి చూడలేదు. సినిమా ఆడుతోంది, అక్షరం ముక్క లేదు. కొత్తకోడలు మూతి ముడుచుకున్నట్టే. బతిమాలాను, మూసి తెరిచాను, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. ఊఁహూఁ.

నెట్‌లోంచి ఇంకోటి దింపాను. అక్షరాలొచ్చాయి. వచ్చాయంటే, అక్షరాల చోట చదరాలు. డబ్బాలు. హీరోయిన్ తల బాదుకుని ఏడుస్తోంది, కింద వరసగా డబ్బాలు. మీ ఆంటీ కళ్లజోడు సవరించుకుని, "పాపం, ఇల్లు ఖాళీ చేస్తోందా? సామాను సర్దుతున్నారా?" అని అడిగింది.

నవ్వు, నవ్వు. నేనూ తర్వాత నవ్వాను. అప్పుడు కాదు.

మూడోది మరీ దుర్మార్గం. తెలుగు అక్షరాలే వేసింది, కానీ ఒత్తుల్ని విడగొట్టి పక్కన నిలబెట్టింది. "అమ్మ" అని రాస్తే "మ" కింద ఉండాల్సిన ఒత్తు జారి, వీధిలోకొచ్చి నిలబడింది. "పెళ్లి" చూస్తే విడాకులైపోయినట్టుంది. వీణ పంపించినది ఇంకోటుంది. చూడ్డానికి పట్టుచీర కట్టుకున్నట్టు ఉంటుంది. అక్షరాలు చీమల బారు. పెద్దవి చెయ్యాలంటే ఎక్కడ నొక్కాలో దాచిపెట్టాడు. సినిమా మంచి రసపట్టులో ఉండగా "నన్ను కొత్తగా మార్చుకోండి" అని అడ్డం వచ్చి నిలబడుతుంది.

ఠీక్ హై, మన రాత ఇంతే అనుకుంటుండగా దొరికింది. రోడ్డు తవ్వే చోట నారింజ చారల టోపీల్లాంటివి పెడతారే, ఆ బొమ్మ ఉంటుంది దానికి. అదే. చూశావా, నువ్వూ గుర్తుపట్టావు. అందం చందం ఏమీ లేదు. మా ఆఫీసు ఇనప బీరువాలా ఉంటుంది. కానీ ఎంత గుణవంతురాలో. ఒత్తులు ఒత్తుల చోట ఉన్నాయి. అక్షరాలు పసుప్పచ్చగా, పెసరట్టంత పెద్దవి చేసుకోవచ్చు. నిన్న ఎక్కడ ఆపామో ఇవాళ గుర్తుపెట్టుకుంటుంది. అన్నిటికన్నా గొప్ప సంగతి, అక్షరాలు మాటకన్నా ముందో వెనకో వస్తుంటే ఒక మీట నొక్కి జరపచ్చు.

మొదటిరోజు జరపడం నాకు చేతకాలేదు. అక్షరాలు మాటకన్నా ముందే వచ్చేస్తున్నాయి. తెరమీద కమెడియన్ ఇంకా గుమ్మంలోకి అడుగు పెడుతున్నాడు, నోరు తెరవలేదు. మీ ఆంటీ పగలబడి నవ్వింది. కళ్లమ్మట నీళ్లొచ్చేలా, పమిట నోటికి అడ్డం పెట్టుకుని. తర్వాత వాడు ఆ జోకు వేశాడు. అప్పుడు నేను నవ్వాను. అప్పటికే ఆవిడ తర్వాతి జోకుకి నవ్వుతోంది.

ఏం చెప్పనయ్యా నీకు. పరీక్ష ఫస్టుక్లాసులో పాసైనప్పుడు కూడా నేనంత గంతులెయ్యలేదు. "ఉండు పూర్ణా, సరిచేస్తా" అని మీట మీద చెయ్యి వేస్తే నా చెయ్యి పట్టుకుంది. "వద్దు, ఇలాగే ఉండనివ్వండి. ఈ ఇంట్లో ఏ సంగతైనా ముందు నాకు తెలిసి ఎన్నాళ్లయిందో" అంది. ఆ రోజు నుంచీ ఆవిడ మొహం చూసి నేను నవ్వడానికి సిద్ధపడుతున్నాను.

కథ అక్కడితో ఆపేస్తే మర్యాదగా ఉండేది. మనిషికి ఉత్సాహం వచ్చాక మర్యాద ఎక్కడ?

ఒక సినిమాలో పాట మధ్యలో రికార్డు గరగరమంటుంది. మాట వినపడదు. ఖాళీ వదలడం ఇష్టం లేక నాకు తోచింది రాసేశాను. "నీకు ఈ వంగపండు రంగు చీర ఎంత బాగుంటుందో" అని. సినిమా నలుపు తెలుపు. అందులో వంగపండు రంగెక్కడిది? వంగపండు రంగు చీర కట్టుకుని నా పక్కన కూర్చున్నది మీ ఆంటీ.

ఆవిడ చీర కుచ్చిళ్లు ఒకసారి సర్దుకుంది. మర్నాడు కూడా అదే చీర కట్టుకుంది.

ఇంక నాకు పట్టపగ్గాల్లేవు. కొలువులో రాజుగారు కప్పం సంగతి మాట్లాడుతుంటే కింద "నీ చేతి గుత్తివంకాయ తిన్నాక నాకీ రాజ్యమెందుకు" అని రాశాను. పడవవాడి చేత "నువ్వు అలిగినా నాకు ముద్దే" అనిపించాను. చివరికి పేరు కూడా పెట్టేశాను, పూర్ణా, పూర్ణా అని. ఆవిడ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని చదువుకునేది. గమనించలేదేమో అనుకున్నాను. అంత వెర్రివాణ్ణి.

శ్రావణ శుక్రవారం పేరంటానికి మన సొసైటీ తెలుగు ఆడవాళ్లంతా వచ్చారు. శనగలు, తాంబూలాలు అయ్యాయి. పై ఫ్లాట్ కమలగారు ఏదైనా పాత సినిమా వెయ్యండి అంది. మీ ఆంటీ తనే వెళ్లి వేసేసింది. నేను లోపల పేపరు చదువుకుంటున్నాను. హఠాత్తుగా హాల్లో ఒక కిసుక్కు. బయటికొచ్చి చూశాను.

తెరమీద హీరో విలన్ కాలరు పట్టుకుని గోడకి అదిమి "నీ అంతు చూస్తాను" అని గర్జిస్తున్నాడు. విలన్‌కి బారెడు మీసాలు. కింద పసుప్పచ్చటి అక్షరాలు: "పూర్ణా, నీ అరచేతులు నా చెవుల మీద పెడితే ఢిల్లీ చలికి మఫ్లరెందుకే."

పరిగెత్తాను. అక్షరాలు ఆపే మీట నొక్కబోయాను. కంగారులో ఇంకేవో నొక్కినట్టున్నాను, అక్షరాలు పెద్దవయ్యాయి. మళ్లీ నొక్కితే ఇంకా పెద్దవయ్యాయి. విలన్ మీసాలు కనపడటం మానేశాయి. తెరంతా "పూర్ణా". ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. నేను బాల్కనీలోకెళ్లి తలుపేసుకున్నాను. అక్కడి పావురాలు కూడా నావంక అదోలా చూసినట్టనిపించింది.

చెవులు తగ్గినవాళ్లు గట్టిగా మాట్లాడతారు కదా. అద్దం తలుపులోంచి ఆవిడ మాట నాకు స్పష్టంగా వినిపించింది. మన టవరంతా వినే ఉంటుంది. "చెవులు బాగున్నన్నాళ్లూ ఈయన నోట్లోంచి ఇలాంటి మాట ఒక్కటి వినలేదు కమలగారూ. ఇప్పుడు కూర్చుని చదువుకుంటున్నాను. రోజుకి నాలుగైదు వస్తాయి. మొదటిదాని దగ్గర్నుంచీ తెలుసు నాకు."

వాళ్లంతా వెళ్లాక నేను మెల్లిగా లోపలికొచ్చాను. ఆవిడ తాంబూలాల పళ్లెం తుడుస్తోంది. తలెత్తకుండానే, "రేపు ఆ చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దాం" అంది.

"ఇన్నాళ్లూ రానన్నావుగా" అన్నాను గట్టిగా.

"రాసినవాళ్లు ఎప్పుడో అప్పుడు నోటితో కూడా అంటారు కదా. అప్పుడు వినపడొద్దూ?" అంది.

శనగగింజంత మిషను పెట్టారు చెవికి. బయటికొచ్చి ఆటో ఎక్కగానే ఒకటే ఆశ్చర్యం. తన గాజుల చప్పుడు విని తనే నవ్వుకుంది. ఇంటికొచ్చాక, "మీరు చెప్పులు ఇంత ఈడ్చుకుంటూ నడుస్తారా, పాపం కింది ఫ్లాట్ వాళ్లు" అంది. ఇప్పుడు సినిమా మొత్తం వింటుంది. నేను నవ్వని చోట్ల నవ్వుతుంది. నేను నవ్వితే "ఇందులో ఏముందని?" అంటుంది. అయినా అక్షరాలు తీసెయ్యనివ్వదు.

కాబట్టి, ఆ నారింజ టోపీదే వేసుకో. నీ కంప్యూటర్‌లో నేనే పెట్టిస్తాను పద. ఏమిటీ? ఏమడుగుతున్నావ్?

ఆఁ... నోటితో అన్నానా, అని.

మెల్లిగా మాట్లాడు, లిఫ్టు చప్పుడైంది. అనబోయాను. మొన్న భోజనాల దగ్గర. ఆవిడ వడ్డించి ఎదురుగా కూర్చుంది. చెవిలో మిషను ఉంది. ఎండ మొహం మీద పడుతోంది, బాగుంది మనిషి. ఎంత బాగుందో అప్పటికప్పుడు నా బుర్రలో అక్షరాలొచ్చేశాయి, పసుప్పచ్చగా. గొంతు సవరించుకుని "పూర్ణా" అన్నాను.

ముద్ద కంచంలో పెట్టేసి నావైపు తిరిగింది. "ఆఁ, వినపడుతోంది. చెప్పండి" అంది.

"పప్పులో ఉప్పు తక్కువైంది" అన్నాను.

ఆవిడ లేచి వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. వేసుకోక తప్పుతుందా? వేసుకుని, కలుపుకుని, మొత్తం తిన్నాను.

నీకొక్కడికే చెబుతున్నానయ్యా. ఆ పప్పులో ఉప్పు సరిపోయింది.