సమాధి పక్క సాళ్లు

పామిడి దగ్గర వేరుశనగ చేను. చేను ఓబులమ్మది. పంట చేతికి రాకముందే బేరం చేసుకోవడానికి వ్యాపారి ఈశ్వరప్ప వచ్చాడు.

“ఆడ పీకొద్దప్పా.”

“ఒక్క చెట్టేలే అక్కా. చేనంతా పీకి చూసినా, ఇవి మాత్రం చూడొద్దంటావా?”

“ఆ నాలుగు సాళ్లు నీ బేరంలో లేవు.”

“ఎందుకు లేవు? ఆకు చూడు, ఎంత ఏపుగా… అరే! కాయలన్నీ లొట్ట. ఇదేంది?”

“చెప్తే నవ్వుతావు.”

“నవ్వనులే, చెప్పు.”

“మీ బావ తింటాండాడు.”

“ఎవరు, నరసింహప్ప బావనా? ఈ సమాధిలోనుంచా?”

“నవ్వనంటివే.”

“నవ్వలేదక్కా. దగ్గొచ్చింది.”

“పోయిన పంటా ఇంతే. ఆయన పక్క సాళ్లే. తెల్లారకముందు మబ్బులో వస్తే కొరికే సప్పుడు గూడా వినపడతాది.”

“ఎలకలై ఉంటాయి.”

“ఎలక తింటే కాయకు బొక్క పడాల. పడిందా?”

“…లేదు.”

“పోనీలే, తిననీ అనుకున్యా. ఆ పొద్దు కలుపు తీస్తా తీస్తా ఎండకు పడిపోయినాడు. సద్దిమూట విప్పనే లేదు.”

“సమాధి మీద ఈ పందిరి ఎవరేసినారు?”

“నేనే. ఎండకు పోయినోడు, నీడన్నా వద్దా?”

“అదీ సంగతి! కాయలు తినింది బావ కాదు, నీ పందిరి.”

“పందిరికి నోరుంటాదా?”

“ఇను. ఆకు మా అంగడి మాదిరి. ఎండే దానికి సరుకు. ఎండను పట్టి, నీళ్లూ గాలీ కలిపి తిండి చేస్తాది. తన ఖర్చు పోను మిగిలింది కాండంలోనుంచి కింద కాయకు పంపిస్తాది. పైన సరుకే దిగకుంటే గోదాములోకి ఏం పోతాది? ఈ నీడలో చెట్టు ఉన్నదంతా పైకి సాగడానికే ఖర్చు పెట్టుకునింది.”

“అంటే… కాయలోకి ఏమీ దిగనే లేదా?”

“లేదు.”

“పోయిన పంటకూ?”

“అప్పుడూ పందిరి ఉండె కదా. ఇప్పుడన్నా తీసెయ్. పూలనుంచి ఊడలు ఇంకా మట్టిలోకి దిగతాండాయి, వాటికి కాయ ఊరుతాది. చేనంతా ఒకే రేటుకు ఎత్తుకుంటా. ఏమంటావక్కా?”

“ఆ గుంజ పట్టుకో.”

“ఇప్పుడేనా? రేపు కూలోళ్లను పంపిస్తాలే.”

“పట్టుకోప్పా! చేనంతా నీకే ఇస్తా, ఈ నాలుగు సాళ్లు మాత్రం అడగొద్దు. మనిషి ఇన్నాళ్లూ ఆకలితోనే ఉండాడు.”