తలుపు చాటు పాఠం

కాట్రేనికోన అవతల ఓ చిన్న చర్చి. వేసవి సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిలు బడి, అందరూ వీబీఎస్ అనేది, ఆ మధ్యాహ్నంతో ఆఖరు. లోపల పిల్లలు గొంతులు చించుకుని వల్లిస్తున్నారు. గుమ్మంలో మహాలక్ష్మమ్మగారు, మండుటెండలో చెప్పులైనా లేకుండా వచ్చి, టీచరు శారోన్‌ని ఊపిరి తీసుకోనివ్వడం లేదు.

"ముందా మైకు కట్టేయించమ్మాయ్. తర్వాత మాట్లాడుకుందాం."

"ఏమైందండీ మామ్మగారూ? ప్రైజులిచ్చే టైమండి. పిల్లల అమ్మానాన్నలు కూడా వచ్చేసేరు."

"కట్టేయించమంటున్నానా. మైకు నోరు సరిగ్గా మా వీధికేసి తిప్పి కట్టేరు."

"సౌండు తగ్గించమంటానండి. తగ్గిస్తే..."

"సౌండు కాదే తల్లీ. మా ఆయన విన్నారు. భోంచేసి నడుం వాల్చిన మనిషి దిగ్గున లేచి కూర్చున్నారు."

"అచ్యుతరామయ్యగారికి తెలుసు కదండీ, శ్రావ్య ఇక్కడికి వస్తోందని? ఇంట్లో చెప్పే మనవరాల్ని పంపిస్తున్నానన్నారు మీరు."

"చెప్పేను."

"ఏమని చెప్పేరండీ?"

"డ్రాయింగు క్లాసని."

"అయ్యో, మామ్మగారూ."

"బొమ్మలు వేయించట్లేదా మీరు? పడవ నిండా జంతువుల్ని వేసుకొచ్చింది. బావుందని ఆయనే గోడకి అంటించమన్నారు."

"అది బైబిల్లోని నోవహు ఓడండి."

"ఆయనకేం తెలుసు? రేవులో జనాన్ని దాటించే పంటు అనుకున్నారు."

"ఇదంతా నా మీదకొస్తుందండి. చర్చికి రాని ఇళ్ళ పిల్లలొస్తే పెద్దవాళ్ళని అడక్కుండా కూర్చోబెట్టొద్దని పాస్టరుగారు మొదట్రోజే చెప్పేరు. మీరు సరేనన్నారని నేను మాటిచ్చేను. ఇప్పుడు పిల్లల్ని లాక్కుంటున్నారని ఎవరైనా ఒక్క మాటంటే చాలు, ఈ ఊళ్ళో మళ్ళీ ఈ బడి పెట్టనివ్వరు."

"పాటలైతే మా ఆయన ఊరుకునేవారేమో. ఆ వల్లించడం ఉందే..."

"కంఠత వాక్యాలాండీ?"

"ఎలా చెప్తున్నారో విన్నావా?"

"ఆయ్. మొదటి మాటా రెండో మాటా కలిపి, మళ్ళీ రెండోదీ మూడోదీ, మూడోదీ నాలుగోదీ. గొలుసులాగా. శ్రావ్యే ఆటలాగా నేర్పిందండి అందరికీ. ఎప్పుడూ సగంలో మర్చిపోయే ఏంజెల్ కూడా గడగడా చెప్పేస్తోంటే, బావుంది కదా అని ఊరుకున్నాను."

"ఆట కాదే అది. వేదం వల్లె వేసే పద్ధతి. క్రమం అంటారు. మా ఇంట్లో వాళ్ళ తాతల నించీ అదే చదువు."

"అమ్మ బాబోయ్."

"మీ చర్చి మైకులో, మీ బైబిలు మాటలు, మా ఇంటి క్రమంలో. ఆయనకెలా ఉంటుందో నువ్వే చెప్పు."

"నాకు తెలీదండి. ఒట్టు, నిజంగా తెలీదు. మరి శ్రావ్యకి తాతగారే నేర్పేరా?"

"ఆడపిల్లకి నేర్పుతారా? దాని అన్న కృష్ణతేజకి నేర్పుతున్నారు. వాడికి నోరు తిరగదు. ఇది రోజూ పొద్దున్నే తలుపు చాటున కూర్చుని వింటుంది. నేను చూసీ చూడనట్టు..."

"ఆయనకి తెలీదా అండీ?"

"ఇవాళ్టిదాకా తెలీదు. ఒక్కసారి ఎదురుగా వచ్చి కూర్చుంటే లేచి పొమ్మన్నారు. ఆ రోజంతా అన్నం ముట్టలేదది. ఇక్కడ నువ్వు పిలిచి మైకిస్తే ఎంత మురిసిపోయిందో. నాకు కడుపు నిండిపోయింది. అందుకే అబద్ధం చెప్పి మరీ పంపేను."

"మామ్మగారూ, అటు చూడండి. కర్ర పట్టుకుని..."

"వచ్చేసేరు. నువ్వు లోపలికి పో."

"మిమ్మల్నొదిలేసి ఎక్కడికి పోనండీ. నమస్కారమండీ, తాతగారూ."

"ఈ పిల్లలకి క్రమం నేర్పిందెవరు?"

"నేనేనండి. శ్రావ్య తప్పేం లేదండి. నేనే..."

"నువ్వా? ఏదీ, చెప్పు."

"అంటే, అండీ..."

"నాలుగు మాటలు చాలమ్మాయ్. వింటాను."

"రాదండి."

"మరెందుకు అబద్ధం? ముందు పలికే ఆ గొంతు ఎవరిదో నాకు తెలీదనుకున్నావా? ఏమే, నువ్వైనా చెప్పు."

"శ్రావ్యేనండీ. తలుపు చాటున విని నేర్చుకుంది. మీరు పొమ్మన్నారు, అది పోలేదు. అంతే."

"ఎన్నాళ్ళ నించి?"

"తేజ మొదలెట్టినప్పట్నించీ."

"వాడికి ఇప్పటికీ రాదు."

"రాదు."

"దీనికి వచ్చింది. వచ్చి, ఇంతమందికి నేర్పింది."

"తాతగారండీ, ఈ ఒక్క పూట ఉండనివ్వండి. మొదటి ప్రైజు తనదేనండి. పుచ్చుకోగానే తీసుకెళ్ళిపోండి, ఇంకెప్పుడూ పిలవను. మైకు ఇప్పుడే కట్టేయించేస్తాను..."

"మైకు జోలికెళ్ళకు."

"అండీ?"

"ఆఖర్న రెండోసారి రావాల్సిన మాట మింగేసింది. మొదట్నించీ మళ్ళీ చెప్పమను, ఇక్కడే నిలబడి వింటాను. రేపు పొద్దున్న నా ఎదురుగా కూర్చుని అలా మింగితే నేనొప్పుకోను."