గొడుగులత్త పలక

అమ్మలారా, అయ్యలారా, ఈ దర్జీకొట్లో కుట్టుమిషన్లు గోడకి జరిపినా చోటు చాలక గుమ్మంలో నిలబడ్డ బిడ్డలారా! మన గొడుగులత్త ఇక లేదు. ఆ మాట చెప్పమని నన్ను లేపారు. నా మాట ఎక్కడ మొదలై ఎటు పోతుందో తెలిసీ లేపారు.

వయసులో నాకంటే చిన్నది. వీధితోపాటు నేనూ అత్తా అని పిలిస్తే, "నాకంటే ముందు పుట్టి వరస కలుపుతున్నావా, గడియారాలాయనా?" అనేది. నా కొట్లో ఏ రెండు గడియారాలూ ఒకే టైము చూపించవు. సరే, అది వేరే కథ.

ఆవిడ గొడుగులు బాగుచేసే కొట్టు సందు చివర. రోడ్డు మీదికి కనబడదు. అందుకే సందు మొగలో నల్లపలక నిలబెట్టి, పొద్దున్నే మబ్బు చూసి సుద్దముక్కతో రాసేది. మబ్బు లేకపోతే "ఇవాళ వాన రాదు, గొడుగు రేపు తెచ్చినా చాలు" అని రాసేది. ఏ వ్యాపారి రాస్తాడండీ ఆ మాట?

మున్సిపాలిటీ అధికారి వచ్చి తీసెయ్యమన్నాడు. పక్క గోడ మీది నాయకుల పోస్టర్లు అభిప్రాయాలట, వాటికి స్వేచ్ఛ ఉందట. ఆవిడ రాసింది వ్యాపారమట, దానికి లేదట. మర్నాడు అత్త ఏం రాసింది? "కాలువ పూడిక తీయని మున్సిపాలిటీకి సిగ్గులేదు. వానొస్తే మునుగుతాం. గొడుగులు బాగుచేయించుకోండి." ఆ పెద్దమనిషి తడిగుడ్డ పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. చివరికి గొడుగుల ముక్క తుడిచేసి, తన ఆఫీసుని తిట్టిన తిట్టు భద్రంగా ఉంచి వెళ్ళాడు! నవ్వుకోండి, ఆవిడా నవ్వింది.

తర్వాత మున్సిపాలిటీవాళ్ళు పలకే ఎత్తుకుపోయారు. అదే మొగలో ఓ పెద్ద కంపెనీ సబ్బుల బోర్డు లేచింది, దీపాలతో సహా. అది వ్యాపారం కాదా? అద్దె కట్టినవాడి మాటే మాటా? కొట్టు మూసేశారనుకుని జనం రావడం మానేశారు. అత్త ఆఫీసుకెళ్ళి అడిగింది: "నేను రాసింది చదివి రావాలో వద్దో దారినపోయేవాడు తేల్చుకుంటాడు. వాడి కళ్ళు మూయడానికి నువ్వెవరు నాయనా?" పలక తిరిగివ్వలేదు. కోర్టుకెళ్ళింది. వాయిదాల మీద వాయిదాలు. తీర్పు వినకుండానే పోయింది.

మనిషి పోయింది కాబట్టి కేసూ పోయినట్టేనని మున్సిపాలిటీ ప్లీడరు అంటున్నాడట. ఎలా పోతుందయ్యా? ఇదిగో, ఈ ముందు వరసలో కూతురు కూర్చుని ఉంది. కొట్టు తెరిచింది, అమ్మ కేసు తన పేర నడపడానికి సంతకం పెట్టింది. ఇవాళ పొద్దున్నే సందు మొగలో కొత్త పలక నిలబెట్టింది. వచ్చేటప్పుడు చదివే ఉంటారు: "అమ్మ పోయింది. కొట్టు ఉంది. గొడుగులు తెచ్చుకోండి."

అధికారిగారూ, రండి. తడిగుడ్డ తెచ్చుకోండి. ఇందులో ఏ ముక్క తుడుస్తారో మేమూ చూస్తాం.

లేవండి, అందరం లేచి నిలబడదాం. కాసేపు ఎవరూ పెదవి కదపొద్దు. ఈ మౌనం అత్తకి మాత్రమే. ఆ ఆఫీసుకి కాదు.